రేణిగుంటలో విస్కీ పానకం

యుద్ధం రోజులవి. సువార్త సభలకని మచిలీపట్నం నుంచి చిత్తూరు వెళ్తూ రేణిగుంటలో దిగాను. స్టేషను భోజనశాలలో కాఫీ తాగుతుంటే, జలుబుతో మూలుగుతున్న ఐరిష్ అధికారి ఒకడు తమ దేశపు విస్కీ సీసా బల్లమీద పెట్టి, "హాట్ టాడీ" అన్నాడు. వంటాయన బెదిరిపోయి నా దగ్గరికి వచ్చాడు.

"టాడీ అంటే కల్లే గదా అయ్యగారూ! కల్లు కాంచి ఇమ్మంటాడేంది ఈ దొర? ఇంకో దొర కోపంగా లేచిపోతే నా పని పోతాదని మేనేజరు నిన్ననే సెప్పినాడు."

దొరనే అడిగి చెప్పాను. వేడినీళ్లలో విస్కీ, చక్కెర, నిమ్మరసం, లవంగాలు కలపాలట. చక్కెరకు కరువు, లవంగాలు లేవు.

"ఇది మా శ్రీరామనవమి పానకమే గదా!" అంటూ వంటాయన వేడినీళ్లలో బెల్లం కరిగించి, శొంఠి, మిరియాలు దంచి వేసి, నిమ్మకాయ పిండి, విస్కీ పోశాడు.

ఆయన తాగడు, నేను ముట్టను. "రుచి చూడకుండా ఎలా ఇస్తావు?" అన్నాను.

"స్వామికి నైవేద్యం రుచి సూసి పెడతామా అయ్యగారూ? వాసనే సెప్తాది." గ్లాసు వాసన చూసి, ఇంకొంచెం శొంఠి వేశాడు.

చూడకుండా నమ్మడం గురించి ఎన్నో సభల్లో చెప్పాను. రుచి చూడకుండా నమ్మినవాణ్ణి అక్కడే చూశాను.

దొర ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి కావాలన్నాడు. దీని పేరేమిటని అడిగాడు. మేనేజరు నవ్వుతూ వచ్చి నిలబడ్డాడు.

"పానకమని సెప్పండయ్యా," అన్నాడు వంటాయన, తలగుడ్డ సర్దుకుంటూ. "వాళ్ల దేశంలో యాడా దొరకదని కూడా సెప్పండి."