మోటరు సప్పుడు

మా బిడ్డకు ఒక కాలు పొట్టిగుంటే డాక్టర్లు ఎముక కోసి, కాలు సుట్టూ ఇనుప రింగులు బిగించిన్రు. దానికున్న చిన్న మోటరు కొంచెం కొంచెం గుంజుకుంట ఎముకను పెంచుతది. మధ్యల ఆగితే మల్ల అతుక్కుంటదన్నరు.

మాది సిరిసిల్ల. బట్ట నేసే సాంచా నడుస్తుందో లేదో మాకు సప్పుడుతోనే ఎరుకైతది. ఇయ్యాల ఎంత చెవి పెట్టినా కాలు మోటరు సప్పుడు ఇనవడలే. బుగులైంది. మా సాంచాలు బందువెట్టి, గల్లీల అందరినీ బతిమిలాడి వాళ్లయి గూడ ఆపిచ్చిన. అయినా ఇనవడలే.

"మోటరు ఆగిందా బిడ్డా?" అని అడిగిన.

"ఆగలే నాయిన. దానికి సప్పుడే రాదు. అది గుంజినప్పుడల్ల నొస్తనే ఉన్నది. నీకు చెప్తలేనంతే."

బిడ్డకు నొప్పైతుందంటే నిమ్మలపడ్డ. గిట్లాంటి తండ్రిని మీరెక్కడన్న చూసిన్రా?