యూదు అక్క మాట్లాడకూడదట

యూదు ఆవిడ నోరు విప్పనంటేనే సభకు హాలు ఇస్తానన్నాడు మా తెలుగు సంఘం పెద్ద. ఆ మాట తలుచుకుంటే ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

రంగూన్‌లో, పజుండౌంగ్ పేటలోని ఆ హాలు వసారాలోనే నేను ఆడపిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. మా నాన్న విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోశాడు. అమ్మ బియ్యం మిల్లులో పని చేసేది. మా పిల్లలకు కుట్టుపని నేర్పడానికి పక్కవీధి నుంచి ఒక యూదు ఆవిడ వచ్చేది. వాళ్ల తాతలు బాగ్దాదు నుంచి కలకత్తా మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. నాతో హిందూస్తానీలోనూ పిల్లలతో వచ్చీరాని తెలుగులోనూ మాట్లాడేది. నేను ఆవిడను అక్కా అనేదాన్ని.

మా తరగతిలో ఒక పిల్ల కాజాలు చాలా నాజూగ్గా కుట్టేది. పన్నెండో ఏట ఆ పిల్లను తండ్రి వయసున్న మేస్త్రీకి రెండో పెళ్లాంగా కట్టబెట్టారు. మరుసటి ఏడు పురిట్లో పోయింది. శ్మశానం నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు కాళ్లు కడుక్కుంటూ, దాని రాత అంతేనన్నారు. రాతట! ఆ పెళ్లిలో వాళ్లందరూ విస్తరి వేసుకుని తిన్నవాళ్లే.

తెల్లవాళ్ల ఏలుబడిలో అప్పటికి ఆడవాళ్లలో కొందరికి ఓటుంది గానీ శాసనసభలో కూర్చునే హక్కు మాత్రం ఒక్కరికీ లేదు. అక్కడ ఒక్క ఆడదున్నా ఇలాంటి పెళ్లిళ్ల మాట ఎత్తి ఉండేదని అక్క అంది. ఆ హక్కు కోసం బర్మా ఆడవాళ్లు సభలు పెడుతున్నారు. మనమూ వాళ్లతో కలుద్దామని ఆవిడే మొదలుపెట్టింది. మిల్లు కూలీలుండే లైన్లలో ఇంటింటికీ తిరిగి, సైగలూ మాటలూ కలిపి అందరికీ విడమరిచి చెప్పింది. ఒక పెద్ద సభ పెట్టాలనుకుని నేను హాలు అడగడానికి వెళ్లాను.

సంఘం పెద్ద బట్టల వ్యాపారి. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, తరువాత విషయానికొచ్చాడు. సభ పెట్టుకోవచ్చు, అధ్యక్షత కూడా తనే వహిస్తాడు, ఆ యూదు మనిషి మాత్రం వేదిక ఎక్కకూడదు.

"ఆవిడ ఎనకాల ఏటుందో నీకు తెల్దమ్మా," అన్నాడు. "ఆళ్ల జాతే అంత. ఎక్కడికెళ్తే అక్కడ చిచ్చెడతారు."

ఆవిడ ఏం చేసిందో చెప్పమన్నాను. ఆవిడ చేసిందేమీ లేదని ఒప్పుకున్నాడు. అందరూ అనుకునేదే తనూ చెబుతున్నానన్నాడు.

తెలుగు కూలీలను ఈ ఊళ్లో కొరంగీలని ఈసడించేవారు. మా నాన్నను ఆ మాటతో పిలవడం నా చెవులతో విన్నాను.

"మనల్ని కొరంగీలన్నప్పుడు మీకెలాగుంటాది బాబూ?" అని అడిగాను.

"అదీ ఇదీ ఒకటేటి?"

"ఒకటే."

ఆయన మొహం మాడిపోయింది. రేపటినుంచి నా తరగతికి కూడా వేరే చోటు చూసుకోమన్నాడు.

అక్కకు చెబితే ఆవిడ కుట్టుమిషను ఆపనైనా ఆపలేదు. తనకిది అలవాటేనని, తనను వదిలేసి హాలు తీసుకోమని అంది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఇలాంటిది అలవాటు కావడమేమిటని గట్టిగా అడిగాను. ఆవిడ మిషను ఆపి, మర్నాటినుంచి పిల్లల్ని తన వరండాలో కూర్చోబెట్టుకోమంది.

సభ కాలవ ఒడ్డున, మిల్లు ఊక పోసేచోట పెట్టాం. షిఫ్టు దిగిన ఆడవాళ్లు తలగుడ్డలతోనే వచ్చి కూర్చున్నారు. అక్క లేచి, వచ్చిన తెలుగులోనే ఆ పిల్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇంతలో సంఘం మనుషులు కొందరు వెనకనుంచి యూదుదాన్ని దింపమని కేకలు పెట్టారు. అక్క చెప్పడం ఆపేసింది. నేను లేవబోతుంటే మా అమ్మ ముందే లేచింది. నలుగురిలో ఎన్నడూ మాట్లాడని మనిషి.

"ఈవిడ మన పిల్ల గురించి సెప్తంది," అంది. "మీరు ఎవుల గురించి సెప్పడానికొచ్చారో సెప్పండి. ఇంటాం."

వాళ్లు కాసేపు గొణిగి వెళ్లిపోయారు. అక్క మొదటినుంచి మళ్లీ చెప్పింది.

ఆ హక్కు ఇవ్వాలన్న తీర్మానం వచ్చిన రోజు బర్మా ఆడవాళ్లతో కలిసి మేమూ శాసనసభ జరిగే చౌక్తడా దాకా నడిచాం. పోలీసులు కొద్దిమందినే లోపలికి వదిలారు. ఆడవాళ్లు సభకొస్తే ఇంట్లో వంటెవరు చేస్తారని ఒక సభ్యుడు అంటే మిగతావాళ్లు పగలబడి నవ్వారు. తీర్మానం వీగిపోయింది. యూదుదాన్ని వెంటబెట్టుకెళ్లారు గనకే పోయిందని సంఘం పెద్ద బజారంతా చాటాడు. ఓటేసినవాళ్లలో ఒక్కడికైనా అక్క ఎవరో తెలిస్తే కదా!

రెండు మూడేళ్లకు ఆ హక్కు వచ్చింది. పెద్దమనిషి వెంటనే హాలుకు తోరణాలు కట్టించి, మహిళలకు సన్మానమన్నాడు. నన్నూ పిలిచారు. వేదిక మీద ఆయన ఈ పోరాటానికి మొదటినుంచీ సంఘమే అండగా ఉందని చెబుతుంటే నేను కూర్చోలేకపోయాను. లేచి, అక్కను ఎందుకు పిలవలేదని అందరి ముందూ అడిగాను.

"అందర్నీ పిలవలేం కదమ్మా," అన్నాడు నవ్వుతూ.

నాకని తెచ్చిన దండ మీరే వేసుకోండని చెప్పి బయటికొచ్చేశాను. మా అమ్మా మిల్లు ఆడవాళ్లలో సగంమందీ నా వెనకే వచ్చేశారు. మిగతా సగం కూర్చునే ఉన్నారు. వాళ్లమీద కూడా నాకు కోపం పోలేదు.

నేరుగా అక్క ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆవిడ బట్ట కత్తిరిస్తూనే వింది. తరువాత కత్తెర బల్లమీద విసిరికొట్టి, "నన్ను పిలవాలి. వాళ్లు నన్ను పిలవాలి," అంది తెలుగులో.

అవునన్నాను. టీ కాచుకుని, ఆవిడ హిందూస్తానీలో, నేను తెలుగులో, ఆ పెద్దమనిషిని నోరారా తిట్టుకున్నాం.