ఊపిరి గుర్తుచేసే ఉద్యోగం

ఇరవై రెండో ఏట నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. కాలువ పక్కనున్న మా కోస్తా ఊళ్లో, మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. హైదరాబాదు పాతబస్తీలో ఒక ఆసుపత్రివాళ్లు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం కొత్తగా వార్డు తెరిచారనీ, నర్సులు కావాలనీ తెలిసి అర్జీ పెట్టాను. తీరా రమ్మని ఉత్తరం వచ్చాక భయం పట్టుకుంది. అప్పటిదాకా నేను చూసుకున్న రోగులందరూ పెద్దవాళ్లు. నొప్పి ఎక్కడుందో నోరు తెరిచి చెప్పగలిగినవాళ్లు.

డెబ్బైల చివరి రోజులవి. ఆ ప్రయాణం ఇప్పుడు తలుచుకుంటే ముక్కలు ముక్కలుగా, పల్చటి తెర వెనక జరిగినట్టుగా గుర్తొస్తుంది. ఒళ్లో రేకు పెట్టె. కిటికీలోంచి కొట్టే చలిగాలి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగగానే నాలుగు వైపుల నుంచీ చుట్టుకున్న మాటలు, వాటిలో సగం నాకు తెలియని భాష. మూసీ మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి గట్టు కనపడలేదు. వంతెన దాటితే అటువైపు నిజంగా ఊరనేది ఉందా అనిపించింది.

గంపలో జామకాయలు సర్దుకుంటున్న ఒకామెను అడిగాను, "శాలిబండ వెళ్లాలండీ, ఏ బస్సు ఎక్కాలి?"

ఆమె నన్నూ, నా పెట్టెనూ చూసి నవ్వింది. "గా ఎర్ర బస్సు ఎక్కమ్మా. చార్మినార్ దాటినంక కండక్టర్‌ను అడుగు. ఫికర్ చెయ్యకు."

శాలిబండలో ఆసుపత్రి గుమాస్తా చూసిపెట్టిన మేడమీది గది నాది. ఇంటావిడ అరవై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. మొదటి రోజే నన్ను బిడ్డా అంది, నేను పెద్దమ్మా అన్నాను. కింద వీధివైపు గదిలో వెండి వరక్ కొట్టే దుకాణం ఉండేది. మిఠాయిల మీద అద్దుతారే, ఆ పల్చటి వెండి రేకు. తోలు పుటల మధ్య వెండి ముక్కలు పెట్టి ఇద్దరు ముసలివాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తులతో కొట్టేవాళ్లు. టక్ టక్, టక్ టక్. మొదటి వారం తలనొప్పి వచ్చింది. తర్వాత ఆ చప్పుడు ఆగినప్పుడే ఏదో వెలితిగా ఉండేది.

వార్డులో మా పెద్ద నర్సు వరంగల్ వైపు మనిషి. అందరం సిస్టర్ అనేవాళ్లం. నేను చేరిన రోజు నా గాజులు తీయించి, గోళ్లు చూసి, మోచేతుల దాకా చేతులు ఎలా కడుక్కోవాలో తనే చేసి చూపించింది. తర్వాత ఒక కుర్చీ వేసింది.

"రెండు దినాలు ఏం ముట్టకు. గీడ కూసొని చూడు."

"ఏం చూడాలి సిస్టర్?"

"ఛాతీ చూడు. టైమ్ కాకముందే వచ్చిన్రు గద, ఊపిరి తీసుడు మర్చిపోతరు. మనం యాది చెయ్యాలె."

నమ్మలేదు నేను. ఊపిరి ఎవరైనా మర్చిపోతారా? గంట తిరక్కుండానే చూశాను. ఇంక్యుబేటర్ అనే వెచ్చటి గాజుపెట్టెలో, నా అరచేతి కంటే కాస్త పెద్దగా ఉన్న ఒక బిడ్డ ఛాతీ ఆడుతూ ఆడుతూ ఆగిపోయింది. సిస్టర్ తొందరపడలేదు. పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి, అరికాలిని వేలితో చిన్నగా మీటింది. బిడ్డ ఉలిక్కిపడి, ఎవరో నిద్ర లేపినట్టు, మళ్లీ ఊపిరి అందుకుంది.

"చూసినవా? గంతే," అంది సిస్టర్.

ఆ వార్డులో వెలుగు కూడా వేరేగా ఉండేది. ఆకుపచ్చ తెరల్లోంచి వడగట్టినట్టు వచ్చే ఎండ, పెట్టెల వెచ్చదనం, సన్నటి మోత. నీళ్ల అడుగున తిరుగుతున్నట్టుండేది. డ్యూటీ దిగి వీధిలోకి వస్తే రిక్షాలూ అరుపులూ అజానూ అన్నీ ఒక్కసారి మీద పడేవి. ఇంటికి నడుస్తూ కూడా ఎదురొచ్చేవాళ్ల ఛాతీల వైపే చూసేదాన్ని.

ఎండలు ముదిరే వేళకి నా వంతుకు ఒక ఆడపిల్ల వచ్చింది. ఏడో నెలలో పుట్టింది, బరువు కిలోకు కాస్త పైన. తల్లిది ఛత్రినాక, ఇరవై ఏళ్లుంటాయేమో. ఆమెను ఇంటికి పంపేశాక కూడా రోజూ పొద్దున్నే బస్సులో వచ్చేది. పాలు పిండి స్టీలు గిన్నెలో ఇచ్చేది. వాటిని మేము సన్నటి గొట్టం గుండా చుక్కలు చుక్కలుగా బిడ్డ కడుపులోకి పంపేవాళ్లం. తల్లులను లోపలికి రానివ్వరు. వరండాలో గాజు కిటికీ దగ్గర నిలబడి చూసుకోవాల్సిందే. ఆమె మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడేది.

"నా బిడ్డ ఏడ్వదా సిస్టరమ్మా?" అని ఒకరోజు తలుపు దగ్గర అడిగింది.

"ఏడవడానికి ఇంకా బలం రాలేదండీ. వస్తుంది."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నన్ను అండీ అంటవేంది? నీకంటే చిన్నదాన్ని."

ఆ తర్వాత నాలుగైదు రోజులకు జరిగింది అది. మిట్టమధ్యాహ్నం. నాతోపాటు డ్యూటీలో ఉన్న నర్సు అన్నానికి వెళ్లింది. నేను ఆ పాప పెట్టె ముందే కూర్చున్నాను. నా కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ ఆ వేడిలో, ఆ మోతలో, ఎప్పుడు వెళ్లానో మా ఊరి కాలువగట్టు మీదికి వెళ్లిపోయాను. కాళ్లు నీళ్లలో ఉన్నాయి. చిన్న చేపలు వేళ్లకు తగులుతున్నాయి. ఎక్కడో టక్ టక్‌మని చప్పుడు. వరక్ దుకాణం కాబోలు అనుకున్నాను. మా ఊళ్లో వరక్ దుకాణం ఎక్కడిది అని కూడా అనుకున్నాను. చప్పుడు పెద్దదైంది.

తల తిప్పి చూస్తే గాజు కిటికీని రెండు అరచేతులతో బాదుతోంది ఆ తల్లి. నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు. చూపు మాత్రం నా మీద లేదు, పెట్టె మీద ఉంది.

పాప ఛాతీ ఆడడం లేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అరికాలు మీటాను. కదల్లేదు. మళ్లీ మీటాను. వీపు రుద్దాను. పెట్టె తెరిచి, ముక్కూ నోరూ కప్పేలా చిన్న తొడుగు పెట్టి, గాలి కొట్టే రబ్బరు సంచిని రెండు వేళ్లతో నొక్కడం మొదలుపెట్టాను. "సిస్టర్!" అని అరిచిన గొంతు నాదేనని తర్వాత తెలిసింది. ఎన్నిసార్లు నొక్కానో లెక్క లేదు. పిల్లికూనలా ఒక్క కూత. ఛాతీ నుంచి పొట్టకు, పొట్ట నుంచి పాదాలకు మెల్లగా ఎరుపు పాకింది.

సిస్టర్ పరుగున వచ్చి గుండె చప్పుడు వింది. "మంచిగున్నది," అంది. కిటికీ వైపు తిరిగి తల్లికి చెయ్యి ఊపింది. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

పక్కగదిలో సిస్టర్‌తో చెప్పేశాను. "నిద్రపోలేదు సిస్టర్. కానీ నేనక్కడ లేను. ఆవిడ కిటికీ కొట్టకపోతే…"

సిస్టర్ రిపోర్టు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. "రిపోర్ట్‌ల ఉన్నది ఉన్నట్టు రాయి," అంది. "రేపు వస్తవా?"

"రమ్మంటారా?"

"రావాలె."

సాయంత్రం ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. పెద్దమ్మ బియ్యం చేట పక్కన పెట్టి వచ్చింది. "ఏమైంది బిడ్డా? మొకం గిట్లయిందేంది?"

అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "మరి గా తల్లిని బయటెందుకు నిలవెట్టిన్రు?" అంది.

"రూలు పెద్దమ్మా. క్రిములు వస్తాయని."

"నువ్వు చేతులు కడుక్కున్నట్టే ఆమె గూడ కడుక్కుంటది గద."

మర్నాడు ఆ మాటే సిస్టర్‌తో అన్నాను. "డాక్టర్ సాబ్ ఒప్పుకోడు," అంది ఆమె. కానీ మూడో రోజు నేను వెళ్లేసరికి పెట్టె పక్కన ఒక స్టూలు ఉంది. సిస్టర్ ఎవరితో ఎంత వాదించిందో ఎప్పుడూ చెప్పలేదు.

తల్లి మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుంది. పాదాల దాకా జారే గౌను వేసుకుని, గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టింది. పాప ఐదు వేళ్లూ కలిసి ఆమె ఒక్క వేలిని పట్టుకున్నాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కబుర్లు మొదలుపెట్టింది. పొద్దున నల్లా నీళ్లు ఆలస్యంగా వచ్చాయని, పక్కింటి మేక ఆరేసిన చీర నమిలిందని, పాప వాళ్ల నాయిన ఇంటి తలుపుకు నీలిరంగు వేస్తున్నాడని. రోజూ అంతే. ఛత్రినాకలో ఆ గల్లీ నేను చూడకుండానే నాకు కంఠతా వచ్చింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పాప ఊపిరి ఆగడం తగ్గినట్టు నాకనిపించేది. నిజమో, నా భ్రమో. సిస్టర్ మాత్రం ఒకసారి అటు పోతూ, "గీమె ముచ్చట్లకు పిల్లకు మర్చిపోనీకి తీరికేడిది?" అంది.

అందరూ బతకలేదు. పక్క పెట్టెలోని మగబిడ్డ ఒక తెల్లవారుజామున పోయాడు. ఆరోజు పొద్దున ఆ ఖాళీ పెట్టెను చూసి ఈ తల్లి ఏమీ అడగలేదు. కబుర్లు కూడా చెప్పలేదు. లోపల పెట్టిన చెయ్యి మాత్రం సాయంత్రం దాకా తియ్యలేదు.

తొలకరి పడిన వారంలో పాపను ఇంటికి పంపించారు. అప్పటికి ఆ పాప ఏడుపు వరండా చివరిదాకా వినిపించేది. సిస్టర్ అనుమతి తీసుకుని బస్‌స్టాపు దాకా నేనూ వెళ్లాను. భర్త బట్టల మూట పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఇక దాచుకోలేక ఆమెతో అన్నాను, "ఆరోజు తప్పు నాదే. నేను పరధ్యానంలో ఉన్నాను. మీకు చెప్పాల్సింది."

"నాకెర్కనే," అంది ఆమె. "నేను సూస్తనే ఉన్న. నీ కండ్లు ఎటో పోయినయ్."

"మరి ఎవరితోనూ అనలేదేం?"

"గా దినం సంది నువ్వు పక్కకు సూడలే. గది సాలు నాకు."

బస్సు వచ్చింది. ఆడవాళ్ల సీట్లో ఎవరో జరిగి చోటిచ్చారు. ఆమె పాపను కొంగు కింద దాచుకుని, కిటికీలోంచి నా వైపు చూసి తల ఊపింది. సన్నగా వాన మొదలైంది. ఆ వేళప్పుడు బయట నిలబడి ఎన్ని నెలలైందో. బస్సు మలుపు తిరిగేదాకా తడుస్తూ నిలబడి, తర్వాత వార్డుకు వెళ్లాను. ఖాళీ అయిన పెట్టెను సిస్టర్ అప్పటికే కడిగి ఆరబెడుతోంది. నేను మళ్లీ మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాను.