సోమశిలలో ఇంజన్ విప్పిన దావీదన్న

నిన్న మధ్యాహ్నం ఏడో తరగతికి లెక్కలు చెబుతుంటే మేరి ఫోన్ చేసింది.

"టీచరమ్మా, నాయిన పోయిండు" అంది.

ఫోన్ పెట్టేశాక బోర్డు మీద సగంలో ఆపిన లెక్క పూర్తి చేశాను. ఏం రాశానో తెలియదు. పిల్లలే "మేడం, తప్పు పడింది" అన్నారు.

మేరి వాళ్ల నాన్న, మా దావీదన్న. వనపర్తిలో పాతికేళ్లుగా కార్లు బాగుచేసిన మెకానిక్. రక్తసంబంధం లేదు. నాకు మాత్రం అన్నే.

మొన్ననే దవాఖానలో చూసి వచ్చాను. గుండెకు స్టెంట్ వేశారు, రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు. నమ్మాను.

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. అన్న ఉండగా రాస్తే సిగ్గుపడేవాడు.

నాలుగేళ్ల కిందట మా నాన్న నడిపిన పాత కారు పొగ కక్కడం మొదలుపెట్టింది. ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ కట్టింది దావీదన్నే. మూడు వారాలు పట్టింది. శనివారం బండి నా చేతికిచ్చాడు. మర్నాడే సోమశిల వెళ్తున్నామని అన్నకు చెప్పాను.

ఆదివారం అమ్మను, పిన్నిని, పిన్ని మనవరాళ్లిద్దరిని ఎక్కించుకుని కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల గుడికి వెళ్లాను. ఇంజన్ ఎంత మెత్తగా నడిచిందంటే కొల్లాపూర్ దాకా అమ్మ నిద్రపోయింది.

దర్శనం అయింది. పిల్లలు బోటెక్కి దిగారు. బయలుదేరదామని అందరం కారెక్కాం. తాళం పెట్టబోతుంటే ఎవరో బైక్ తెచ్చి అడ్డంగా ఆపారు.

దావీదన్న. చర్చికి వేసుకున్న తెల్లచొక్కా నిండా దుమ్ము. బైక్ వెనక టూల్ బాక్సు, ఆయిల్ డబ్బా తాడుతో కట్టి ఉన్నాయి.

"టీచరమ్మా, స్టార్ట్ చెయ్యకు. ఎన్నిసార్లు ఫోన్ చేసిన కలుస్తలేదు."

"ఏమైందన్నా?"

"మూడో పిస్టన్ రాడ్డు బోల్టులు ఆఖరుకు బిగించిన్నో లేదో యాదికొస్తలేదు."

ఆ బోల్టులు బిగిస్తుండగానే మేరికి పాప పుట్టిందని కబురొచ్చిందట. చేతిలో పానా కింద పెట్టి పరుగెత్తాడు. మర్నాడు వచ్చి మూడో దాని నుంచి మొదలుపెట్టాడో, నాలుగో దాని నుంచో గుర్తులేదు. ఆ ఆదివారం ప్రార్థన మధ్యలో ఈ సంగతి తట్టింది. అక్కడి నుంచే లేచి, షాపులో సామాను కట్టుకుని వచ్చేశాడు.

"వదులుంటే ఏమైతది?" అని అడిగాను.

"నడిచినంతసేపు నడుస్తది. స్పీడ్ల ఊడితే ఇంజన్ పగుల్తది."

వెనక సీట్లో ఉన్న పిల్లల వైపు చూడలేకపోయాను.

నిజం చెప్పాలి, నాకు కోపమొచ్చింది. "గింత దూరం వచ్చినంక చెప్తున్నవా అన్న" అని అందరి ముందే అనేశాను. అన్న టూల్ బాక్సు దించాడు. కారు కింద గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. ఆయిల్ దించి, ఇంజన్ కింది చాంబర్ విప్పాడు.

గుడికొచ్చిన జనం చుట్టూ చేరారు. ఒకాయన ఫోన్లో వీడియో తీస్తూ, "గిట్లాంటి మెకానిక్‌కు బండెట్ల ఇచ్చినవమ్మా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"తియ్యనియ్యి టీచరమ్మా. తప్పుంటే నలుగురికి తెల్వాలె" అని కారు కింద నుంచే అన్నాడు అన్న.

బిగువు కొలిచే పానా పెట్టి ఎనిమిది బోల్టులూ చూశాడు. ఒక్కటి కూడా కదల్లేదు.

"అన్ని మంచిగనే ఉన్నయి కద. ఊకె పరేషానైనవ్" అన్నాను.

"మంచిగున్నయని ఇప్పుడు తెలిసింది. పొద్దుగాల తెల్వదు."

చాంబర్‌కు పూసిన సీలెంట్ ఆరేదాకా గంటకు పైగా ఆగాలి. అమ్మ తెచ్చిన పులిహోర పెట్టింది. తింటూ తింటూ అడగకుండానే చెప్పాడు.

పెళ్లికి ముందు పుణెకు కూలికి పోయి, అక్కడే ఒక గ్యారేజీలో కుదిరాడట. ఒక బండికి ఆయిల్ ప్లగ్గు చేత్తో తిప్పి, పానాతో బిగించడం మరిచాడు. దారిలో ఆయిలంతా కారి ఇంజన్ పట్టేసింది. డ్రైవర్ చూసుకోలేదని బండి యజమాని ఆ డ్రైవర్‌నే పనిలోంచి తీసేశాడు.

"ఆయిన ఏడుస్తుంటే నేను ఆడ్నే ఉన్న. నోరు తెరవలే" అన్నాడు దావీదన్న.

తర్వాత ఆ డ్రైవర్‌ను వెతుక్కుంటూ రెండుసార్లు పుణె వెళ్లాడు. దొరకలేదు.

అందరి ముందూ కోప్పడిన నేను సారీ చెప్పింది వనపర్తి చేరాకే.

సోమశిల వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కొన్నాళ్లు షాపుకు బండ్లు తగ్గాయి. తర్వాత అదే వీడియో చూసి గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి వెతుక్కుంటూ వచ్చారు.

అప్పటి నుంచి బోల్టు బిగించగానే దాని మీద మేరి గోళ్లరంగుతో గులాబీ చుక్క పెట్టేవాడు. ఇంకేం, అనుమానం పోయిందనుకున్నాను. ఒకరోజు షాపుకు వెళ్తే ఇంజన్ ముందు కూర్చుని ఆలోచిస్తున్నాడు.

"చుక్క బిగించినంక పెట్టిన్నా, ముందే పెట్టిన్నా?"

ఎంత నవ్వానో. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే మళ్లీ పానా తీశాడు.

మొన్న దవాఖానలో కూడా అంతే. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, "గద్వాల సారు కారు హెడ్డు బోల్టుల మీద జర డౌటుంది. చూసేదాక నడపొద్దని చెప్పు" అన్నాడు. నా ఎదుటే ఫోన్ చేయించాడు. సారు సరేనన్నాక గానీ కళ్లు మూసుకోలేదు.

ఈ ఉదయం సమాధి కార్యక్రమం అయ్యాక, షాపులో అన్నతో పాటు పనిచేసే యాకూబ్ నేరుగా గద్వాల వెళ్లాడు. ఇందాకే ఫోన్ చేశాడు.

దావీదన్నా, గద్వాల కారు బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయట.

ఈ మాట నీకు చెప్పాలనే ఇదంతా రాశాను.

ఇక నిమ్మళంగా పడుకో అన్నా. నీ ప్రభువు నీకు ఏ అనుమానమూ లేని నిద్రనివ్వాలి.