పిండికట్టు చల్లారేదాకా

కొత్తగా వచ్చిన డాక్టరు బకెట్టులో వేడినీళ్ళు పోయించాడు. మా ఆడపడుచు ఆ బకెట్టును అతని కళ్ళ ముందే సింకులో బోర్లించేసింది. తగువు అక్కడ మొదలైంది. నేను తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పట్లో ఆ ఆసుపత్రిలో నేను ఆయాని, ఆమె విరిగిన ఎముకలకు పిండికట్లు వేసే మనిషి. పొద్దస్తమానం తడిపిండిలో నానే చేతులు కనక అందరూ ఆమెను తెల్లచేతులావిడ అనేవారు.

"బయట పాతికమంది కూర్చున్నారు. వేడినీళ్ళయితే కట్టు తొందరగా బిగుస్తుంది, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు డాక్టరు.

"బిగుస్తుంది బాబూ. కింద చర్మం కూడా ఉడుకుతుంది."

"నీళ్ళ వేడి ఎంతసేపుంటుందమ్మా? చుట్టేలోపే చల్లారిపోతుంది."

"నీళ్ళ సంగతి ఎవరు మాట్లాడారు? నేను పిండి సంగతి చెప్తున్నా. ఏదీ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

అతను నవ్వుతూ చెయ్యి చాచాడు. ఆమె నా చేత మళ్ళీ వేడినీళ్ళు తెప్పించి, అందులో పిండి అద్దిన గుడ్డపట్టీ ముంచి, అతని ముంజేతికి దళసరిగా చుట్టింది. అయిదు నిమిషాలకు కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఎనిమిదో నిమిషానికి నవ్వు ఆగింది. పదో నిమిషానికి, "తియ్యండి, తియ్యండి! కాలిపోతోంది!" అన్నాడు.

"కొంచెం ఓర్చుకోండి బాబూ, బయట పాతికమంది ఉన్నారు కదా," అంటూ ఆమె తన చేతిలోనే ఉన్న కత్తెర కోసం గదంతా వెతికింది.

కోసి తీసేసరికి చెయ్యి ఎర్రగా కందిపోయింది. ఆ రోజు నుంచి ఆ గదిలోకి వేడినీళ్ళు రాలేదు.

ఓడిపోయినా డాక్టరు మంచివాడే. దాని వెనకున్న సంగతి మాకు కూర్చోబెట్టి చెప్పాడు. ఆ పిండి ఒకప్పుడు రాయి అట. రాయిని బట్టీలో కాలిస్తే ఆ వేడిని తాగి, తనలో పట్టి ఉంచుకున్న నీటిని వదిలేసి పొడి అవుతుందట. మళ్ళీ నీళ్ళు తగలగానే ఆ నీటిని గట్టిగా పట్టుకుని రాయిగా మారిపోతూ, అప్పుడు తాగిన వేడినంతా బయటికి కక్కుతుందట. నీళ్ళు ముందే వెచ్చగా ఉంటే ఆ పని ఇంకా జోరుగా సాగి, వేడంతా ఒక్కసారే వచ్చి పడుతుందట.

"అంటే ఆ బట్టీవాడు పెట్టిన మంట మా రోగుల చేతుల మీద ఆరుతోందన్నమాట," అంది మా ఆడపడుచు. డాక్టరు అవునన్నాడు. మూడో తరగతి దాటని నాకే ఆ మాటతో అంతా అర్థమైపోయింది.

పంతొమ్మిదో ఏట కట్టుగుడ్డలు ఉతకడానికి ఆసుపత్రిలో చేరిన ఆమె, అంతకుముందు పిండికట్లు వేసే ముసలాయన చేతులు చూసి చూసి పని నేర్చుకుంది. ఆమె పట్టుదలలు చెప్పనలవి కావు. ఒక రోగికి వాడిన నీళ్ళు ఇంకొకరికి వాడనిచ్చేది కాదు. అడుగున మిగిలిన పిండి వల్ల రెండో కట్టు ఇంకా వేడెక్కుతుందనేది. పచ్చికట్టు కింద దిండు పెట్టినా, మీద దుప్పటి కప్పినా ఊరుకునేది కాదు. వేసిన కట్టు మీద అరచెయ్యి ఆనించి, అది వేడెక్కి మళ్ళీ చల్లబడేదాకా కదిలేది కాదు.

"ఏమ్మా, మా మనవడి చెయ్యి వదలవా? ఇంటికి తీసుకుపోతావా ఏం?" అని ఒక ముసలమ్మ ఎగతాళి చేసింది.

"చల్లారాక మీ మనవడు. అంతవరకు నావాడే."

మర్నాడు వచ్చి పోట్లాడేవాళ్ళు వేరే. "నిన్న కాల్చావు, రాత్రంతా చలి పెట్టించావు, ఏమిటిది?" అనేవారు. "మిగిలిన తడి ఆరాలంటే నీ ఒంట్లో వేడి కొంచెం తీసుకుంటుంది. ఇవ్వవయ్యా, పిసినారితనమెందుకు?" అనేది.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమెకు భోజనం క్యారియర్ పట్టుకెళ్ళాను. అప్పటికి నేను ఉద్యోగం మానేసి రెండేళ్ళు. బల్ల మీద రెండేళ్ళ పాప, చేతికి అప్పుడే వేసిన కట్టు. ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుస్తోంది. మాటలు సరిగా రాని పిల్ల, మండుతోందో నొప్పో ఏం చెప్తుంది?

"బెదురు, అంతే. చల్లగానే ఉంది," అంది మా ఆడపడుచు, కట్టు మీద అరచెయ్యి ఆనించి.

ఆ ఏడుపు నాకు నచ్చలేదు. నేనూ చెయ్యి పెట్టాను.

"నిప్పులా ఉందే! కొయ్యి!"

నాకు మతి పోయిందన్నట్టు చూసింది. తరువాత వంగి తన చెంప కట్టుకు ఆనించింది. చివాలున లేచి కత్తెర అందుకుంది. పాప చెయ్యి కందింది, అదృష్టం, పొక్కలేదు. ఆమె బకెట్టులో వేళ్ళు ముంచి, "ఈ నీళ్ళెలా ఉన్నాయి వదినా?" అని అడిగింది.

"స్నానానికి సరిపోతాయి."

మేడ మీద ట్యాంకు పొద్దుటినుంచీ ఎండలో కాగి ఉంది. కుళాయి నీళ్ళు వేడిగా వచ్చాయి. ఎన్నాళ్ళనుంచో ఉన్న షుగరు జబ్బు ఆమె పాదాలను ముందు, చేతులను తరువాత మొద్దుబార్చేసింది. ఆమె గమనించుకోలేదు, లేదా ఒప్పుకోలేదు. తాగే నీళ్ళ బిందె తెప్పించి, నా చెయ్యి పక్కన పెట్టుకుని పాపకు మళ్ళీ కట్టు వేసి, తిన్నగా డాక్టరు గదికి నడిచింది. ఆ డాక్టరే. ఇప్పుడు జుట్టు నెరిసింది.

"నా చేతులకు వేడి తెలియడం లేదండీ. ఇవాళ ఒక పిల్లను కాల్చబోయాను."

ఆయన ఆమె చేతులు తిప్పి చూశాడు. "రికార్డుల గదిలో కూర్చోండమ్మా. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళే కదా."

"చుట్టే చెయ్యి బాగానే ఉంది. కాగితాలు సర్దడానికి కాదు నేనింత నేర్చుకుంది."

"పోనీ, థర్మామీటరు పెట్టుకోండి."

"అది ఒక్కచోటే చెప్తుంది. మోచేతి మడతలో పొర ఎక్కడ దళసరి అయిందో దానికేం తెలుసు?"

ఆయన పట్టు వదల్లేదు. "అయితే ఒక మనిషిని చూసుకోండి. రేపు పొద్దున్నకల్లా మీ పక్కన ఇంకో చెయ్యి లేకపోతే ఆ గదిలోకి మిమ్మల్ని రానివ్వను."

సాయంత్రం ఇద్దరం ఇంటికి వచ్చాం. నలభై ఏళ్ళలో నన్ను ఒక్క సాయమూ అడిగిన మనిషి కాదు. నేనూ అడగలేదు, అది వేరే సంగతి. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, నా మొహం చూడకుండా అంది:

"వదినా, రేపట్నుంచి నాతో రా. ముందు బకెట్టులో నీ చెయ్యి పెట్టు, తర్వాత కట్టు మీద పెట్టు. మరీ వేడెక్కితే గట్టిగా అరువు. నేను కాదన్నా వినకు."