అన్న కోసం నేను ఎంచిన లేత్

అన్న పదిహేనేళ్ళు పరాయి షెడ్డులో, ఇనుప కడ్డీని తిప్పుతూ కోసే లేత్ మిషన్ మీద పనిచేశాడు. తార్నాకలో మా ఇంటి వెనక రేకులు వేసుకుని, సొంత లేత్ ఒకటి పెట్టుకుని, ఇంకొకరి ముందు చేతులు కట్టుకోకుండా బతకాలన్నది ఆయన కోరిక. కొత్తది కొనే తాహతు లేదు. వాడినదే వెతకాలి. దాన్ని ఎంచే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఆయన అడగలేదు.

నేనప్పుడు యూనివర్సిటీలో గుమాస్తాను. చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది. కానీ ఆఫీసు వదిలాక లైబ్రరీ మూసేదాకా అక్కడే ఉండేవాణ్ణి. ఇంజనీరింగు అల్మారాల దగ్గర విద్యార్థుల కన్నా నేనే ఎక్కువ కనిపించేవాణ్ణి. పక్కన నిఘంటువు పెట్టుకుని, పాత లేత్‌ను ఎలా పరీక్షించాలో చెప్పే అధ్యాయం మూడుసార్లు చదివి, తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ రాతలో ఇప్పుడు వెతికినా తప్పు దొరకదు.

అందులో ముఖ్యమైన సంగతి బెడ్డు గురించి. లేత్‌లో కోసే పనిముట్టు అటూ ఇటూ జరిగే పొడవాటి ఇనుప పట్టాలే బెడ్డు. తయారుచేసేటప్పుడు వాటిని చేత్తో గీకి చదును చేస్తారు. చేప పొలుసుల్లాంటి గుర్తులు పడతాయి. ఏళ్ళ రాపిడికి అవి చెరిగిపోతాయి, ముందుగా చక్ దగ్గర, అంటే కడ్డీని బిగించి తిప్పే చోట, ఎందుకంటే పనంతా అక్కడే జరుగుతుంది. అక్కడ కూడా గుర్తులు నిలిచి ఉంటే ఆ యంత్రం అరగలేదన్నమాట.

మొదట గోల్నాకలో ఒకటి చూశాం. నల్లగా జిడ్డు పట్టి ఉంది. అన్న సంచిలో తెచ్చుకున్న ఇనుప కడ్డీని దానికి బిగించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసి, రెండు చివర్లా లావు ఒకటేనా అని కొలిచాడు.

"కొంచెం అరిగింది, గంతే. నా చేతికి సెట్ అయితది తమ్మీ" అన్నాడు.

చక్ దగ్గర ఒక్క గుర్తు కూడా లేదని నేను కాదన్నాను. అక్కడి నుంచి బస్సెక్కేదాకా ఆయనకు బెడ్డు గురించి పాఠం చెప్పాను. పదిహేనేళ్ళు బెడ్డు తుడిచిన మనిషికి.

రెండోది లాలాపేటలో, పాత మిషన్లు అమ్మే ఒకాయన కొట్టంలో ఉంది. ఆకుపచ్చ రంగు కొత్తగా వేశారు. బెడ్డు పొడవునా, చక్ కింద దాకా, పొలుసులు మెరుస్తున్నాయి. నేను వంగి వాటిని చూడటం చూసి ఆ వ్యాపారి, కాలేజీలో పాఠాలు చెప్పే సారేనా అని అడిగాడు. కాదని నేననలేదు.

అన్న సంచిలోంచి కడ్డీ తీశాడు. కొట్టంలో కరెంటు లేదని, గురువారం వస్తే పక్కవాళ్ళ నుంచి తీగ లాగుతానని, ఈలోపు వేరే పార్టీ వస్తే తన పూచీ లేదని వ్యాపారి చెప్పాడు.

అన్న నా వైపు తిరిగి, "గురువారం వద్దాం తమ్మీ. ఈ గీతలు జర కొత్తగ కనబడుతున్నయి" అన్నాడు.

"నీకు తెల్వదన్నా. గీ గుర్తులు చూస్తే చాలు, కోసి చూసే పని లేదు" అన్నాను.

వ్యాపారి నవ్వాడు. "సారు చూసిండు కదా భాయ్, ఇంక నీకు ఫికర్ ఏంది?"

అన్న కడ్డీని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. లేత్ మా ఇంటికి వచ్చింది.

మొదటి నెల నుంచే అన్న చేసిన పంపు షాఫ్టులు, అంటే పంపు లోపల తిరిగే కడ్డీలు, తిరిగి రావడం మొదలైంది. ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. బేరింగు కూర్చునేది కాదు. మళ్ళీ చేసేవాడు, మళ్ళీ అంతే. ఆయన మిషన్ను అనుమానిస్తే నేను నోటుబుక్కు తెచ్చి చూపించాను. మిషన్‌లో లోపం లేదు, నువ్వే ఎక్కడో తప్పు బిగిస్తున్నావు అన్నాను. ఆయన నమ్మాడు. కళ్ళు మందగించాయేమోనని అద్దాలు పెట్టించుకున్నాడు.

ఎండాకాలంలో ఆయనతో పాత షెడ్డులో పనిచేసిన ముసలి లేత్ మేస్త్రి ఒకాయన చూడటానికి వచ్చాడు. బెడ్డు మీద బొటనవేలు ఒకసారి రాసి, ఈ పొలుసులు ఫ్యాక్టరీవి కావని, అరిగిన బెడ్డు మీద అమ్మకం కోసం పైపైన గీకినవని, అలా గీకేవాళ్ళు లాలాపేటలోనే ఉన్నారని చెప్పాడు. ఆ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అన్నకు మాత్రం కొట్టంలో నిలబడ్డప్పుడే సగం తెలుసు.

అప్పటికి బేరాలన్నీ పోయాయి. అన్న పాత యజమాని దగ్గరికే వెళ్ళాడు. ఒకప్పుడు అన్న నడిపిన లేత్ మీద ఇప్పుడు అన్న పని నేర్పినవాడే ఉన్నాడు. అన్నకు రంపంతో కడ్డీలు కోసే పని ఇచ్చారని వదిన చెప్తే తెలిసింది.

ఒక ఆదివారం నేను సిగ్గు విడిచి, దీన్ని తుక్కుకి అమ్మేసి ఇంకోటి చూద్దామన్నాను. ఈసారి నేను రానని, నీకు నచ్చిందే తీసుకొమ్మని అన్నాను.

"వద్దు తమ్మీ" అన్నాడు. "ఆర్నెల్లు తప్పు నాదే అనుకుంట చేసిన. ఇప్పుడు మంచి మిషన్ ముందు నిలబడ్డా నా చేతినే అనుమానిస్త."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు. తర్వాత కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. వదిన నాకూ కంచం పెట్టింది. ఆయన పక్కనే కూర్చుని తిన్నాను.