చాలన్న అక్క

ఆ వీధిలో అందరూ ఆమెను మిల్లీమీటరక్క అనేవారు. గిటారుకు వాడే ఏ చెక్కనైనా మూడుసార్లు కొలవనిదే ఉలి ముట్టుకునేది కాదు. ఇరవై రెండేళ్లుగా సొంత కొట్లో గిటార్లు చేయడమే పని. స్ప్రూస్ చెక్కతో పై పలక, రోజ్‌వుడ్‌తో పక్కలు, పైన మెరిసే వార్నిష్. ఆమె గిటార్లకు వంక పెట్టినవాళ్లు లేరు. అలాగని విని ఒళ్లు పులకరించిందన్నవాళ్లూ లేరు.

ఆ మాట చెల్లెలి గిటార్లకు దక్కేది.

చెల్లెలు ఆ కొట్లో అడుగుపెట్టి నాలుగేళ్లే. పని నేర్పింది అక్కే. కానీ చెల్లెలు స్కేలు జోలికి పోదు. పలకను చెవి దగ్గర పెట్టుకుని తట్టి, "ఇది పలుకుతుంది, ఇది మూగది" అని తేల్చేస్తుంది. దేవదారు పలకకు అక్రోటు కర్ర పక్కలు పెట్టేది. వార్నిష్ మానేసి, గుడ్డ ఉండతో లక్క పాలిష్ పల్చగా రుద్దేది.

"గోరు తగిలితే గీత పడుతుందే," అని అక్క దెప్పేది.

"పడనీ. దాని గొంతు నొక్కకుండా ఉంటే చాలు."

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు సంగీతం మాస్టారు వచ్చారు. పదేళ్లుగా అక్క చేసిన గిటారే వాయిస్తున్న మనిషి. కొత్తది కావాలంటూ నేరుగా చెల్లెలి బల్ల దగ్గరికి నడిచారు. అక్క చేతిలోని చిత్రిక ఉన్నచోటే ఆగిపోయింది.

ఆ గిటారు పై పలకకు లోపలి వైపు బద్దలు అతికించి, చెల్లెలు వాటిని చెక్కుతోంది. బద్దలు లావుగా ఉంటే పలక కదలదు. మరీ సన్నబడితే తీగల లాగుడుకు వంగిపోతుంది. ఎక్కడ ఆపాలన్నదే అసలు విద్య. ఆ వారం చెల్లెలికి జలుబు చేసి చెవులు దిబ్బళ్లు వేసుకుపోయాయి.

"అక్కా, నాకేం వినపడ్డం లేదు. నువ్వు చెప్పు, ఇంకా తియ్యనా?"

అక్క తట్టి చూసింది. పలక ఇంకా బిగుసుకునే ఉంది. మరో మిల్లీమీటరన్నర తీయాలని స్పష్టంగా తెలిసింది.

"చాలు, ఆపెయ్," అంది.

చెల్లెలు మారుమాట లేకుండా పెట్టె మూసి అతికించేసింది.

తీగలు బిగించాక ఆ గిటారు దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు పలికింది. చెల్లెలి ముఖం వాడిపోయింది. అక్క కడుపు చల్లబడింది, ఒక్క పూట. ఆపైన చెల్లెలు, "దేవదారు జోలికి నేనెందుకు పోయాను, నీలాగే స్ప్రూస్ తీసుకోవాల్సింది" అని తనను తానే తిట్టుకుంటుంటే వినలేకపోయింది.

"చెక్క బాగానే ఉంది. బద్దలే లావు."

"నీకప్పుడే తెలుసా?"

"తెలుసు. మాస్టారు నీ దగ్గరికి వెళ్లారు. కడుపు మండింది."

చెల్లెలు ఏడవలేదు, అరవలేదు. గిటారు తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది. "అయితే నువ్వే బాగుచెయ్."

అక్క తీగలు విప్పి, గిటారు నడిమి రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, వేలికి చుట్టుకున్న ఎమరీ పేపరుతో రెండు రోజులు బద్దలు అరగదీసింది. మణికట్టు దగ్గర తోలు లేచిపోయింది.

మాస్టారు వాయించి చూసుకుని కళ్లు మూసుకున్నారు. "నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్," అన్నారు చెల్లెలితో.

"ఇద్దరం చేశామండీ."

అంత తేలిగ్గా ఆ మాట అనగలిగినందుకు కూడా అక్కకు చెల్లెలి మీద అసూయే కలిగింది.

వారం తిరక్కముందే చెల్లెలు తన బల్లను పక్కగదిలోకి మార్చుకుంది. మాటలు మానలేదు, భోజనం కలిసే చేస్తారు. పని చేసుకునేటప్పుడు మాత్రం తలుపు వేసుకుంటుంది.